పేపర్లో చదివిన పరిశోధనను పళ్లెంలోకి ఎలా తెచ్చుకోవాలి

ముందు ఈ నెల సరుకుల చీటీ తీయండి. యాప్‌లో తెప్పించుకునేవాళ్లయితే పాత ఆర్డర్లు తెరవండి. బియ్యం, పిండి, రవ్వ కలిపి ఎన్ని కిలోలు, పప్పులన్నీ కలిపి ఎంత, నూనె ఎన్ని లీటర్లు, ఉప్పు ఎంత, పంచదార బెల్లం ఎంత... ఐదు అంకెలు ఒక కాగితం మీద వేసుకోండి. తిండి గురించి ఏ పరిశోధన చదివినా, దాన్ని పోల్చి చూసుకోవడానికి మీ ఇంటి లెక్క మీ దగ్గర ఉండాలి. "మేం నూనె తక్కువే వాడతాం" అని చెప్పే ఇంట్లోనే నెలాఖరుకి ఆరో ప్యాకెట్ తెరుచుకుంటుంది.

ఇప్పుడు పక్కన మరో వరస రాయండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాల్లో, రోజుకి 2000 కిలోకేలరీలు తినే మనిషికి ఇచ్చిన లెక్క ఇది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా వాటి బదులు గుడ్లు, మాంసం, చేప 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, గింజలు 35, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. బరువులన్నీ వండకముందువి. నలుగురికి నెలకి కట్టి చూస్తే ధాన్యం 30 కిలోలు, పప్పుల కోటా 10 కిలోల పైన, నూనె 3.24 కిలోలు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి మూడున్నర లీటర్లు అనుకోండి. ఉప్పు మనిషికి రోజుకి 5 గ్రాములు దాటకూడదు, అంటే నలుగురికి నెలకి 600 గ్రాములు. ఆవకాయలో పోసిన ఉప్పు, నూనె కూడా ఈ లెక్కలోవే. బయట తిన్న బజ్జీలు, బిర్యానీ చీటీలో కనపడవు, వాటిని గుర్తుంచుకోండి.

రెండు వరసలూ పక్కపక్కన పెడితే చాలా ఇళ్లలో బియ్యం కంటే పప్పు దగ్గరే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

వార్త చదివేటప్పుడు అడగాల్సినవి

ఎవరి మీద చేశారు, ఎంతమంది, ఎన్నాళ్లు? దేనితో పోల్చారు? ఎంత నుంచి ఎంతకి తగ్గింది? వాళ్లు సరిగ్గా ఏం చేశారు? ఈ నాలుగింటికీ జవాబు దొరక్కపోతే ఆ వార్తని వదిలేయండి, నష్టం లేదు.

ఉదాహరణకి చెన్నైలో రామచంద్రన్ బృందం నడిపిన మధుమేహ నివారణ అధ్యయనం తీసుకోండి. ఫలితాలు 2006లో వచ్చాయి. 531 మంది, మూడేళ్లు. అందరూ షుగర్ ఇంకా రాని, కానీ గ్లూకోజ్ తాగించి పరీక్షిస్తే రీడింగ్ ఎక్కువగా వస్తున్నవాళ్లు. నడక, తిండిలో మార్పు పాటించినవాళ్లలో మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గిందన్నది అందరూ చెప్పే అంకె. దాన్ని మనుషుల లెక్కలోకి మార్చండి: మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో నూటికి 55 మందికి మూడేళ్లలో షుగర్ వచ్చింది, మార్పు చేసినవాళ్లలో 39 మందికి. అంటే నూరుమంది కష్టపడితే పదహారు మంది తప్పించుకున్నారు. ఇది చాలా మంచి ఫలితం. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక్కటే ఇచ్చినవాళ్లలోనూ దాదాపు ఇంతే వచ్చింది. పైగా బరువు పెద్దగా తగ్గకుండానే ఈ ఫలితం వచ్చింది, కాబట్టి తూకం కదల్లేదని నడక మానేయడం తెలివైన పని కాదు. అదే సమయంలో అన్నీ పాటించినా 39 మందికి వచ్చిందన్నదీ నిజమే. ఇంట్లో ఎవరికైనా వస్తే "నువ్వు సరిగా చేయలేదు" అని తప్పుపట్టే ముందు ఈ అంకె గుర్తు చేసుకోవాలి.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఇంకొకటి. కూరలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థం చివర్లో తింటే భోజనం తర్వాత షుగర్ తక్కువగా పెరుగుతుందని 2015లో న్యూయార్క్‌లో వైల్ కార్నెల్ వైద్యులు చూపించారు. గంట తర్వాత రీడింగ్ 37 శాతం దాకా తక్కువ. కానీ చూసింది పదకొండు మందినే, అందరూ మెట్‌ఫార్మిన్ వాడుతున్న షుగర్ రోగులే. పదకొండు మందితో ఏం తేలుతుందని కొట్టిపారేయాలా? అక్కర్లేదు. పైసా ఖర్చు లేని, హాని లేని మార్పుకి చిన్న సాక్ష్యం చాలు, ప్రయత్నించి చూడొచ్చు. రెండు వేల రూపాయల డబ్బా కొనమన్నప్పుడు మాత్రం పెద్ద సాక్ష్యం అడగండి. ఒక ఆహారాన్ని పూర్తిగా మానేయమన్నప్పుడైతే ఇంకా పెద్దది.

మొదలుపెట్టే ముందు నాలుగు కొలతలు

నడుము కొలత: కింది పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యలో, ఊపిరి వదిలాక, టేపు చర్మానికి తగిలీ తగలనట్టుగా. ప్యాంటు నడుము సైజు లెక్కలోకి రాదు, అది పొట్ట కింద కట్టేది. మన దేశస్తులకి మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 దాటితే జాగ్రత్త పడాలి.

బరువు: పొద్దున్న దొడ్డికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు. వారంలో మూడు రోజులు చూసి సగటు రాయండి. ముందు రోజు పచ్చడి ఎక్కువగా తిన్నా తూకం పైకి పోతుంది, అది నీరే, కొవ్వు కాదు.

కుర్చీ పరీక్ష: చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14, ఆడవాళ్లు 12 చేయలేకపోతే కాళ్లలో బలం వయసుకి తగ్గట్టు లేదని అర్థం.

గ్లూకోమీటర్ ఉంటే, మొదటి ముద్ద పెట్టుకున్న టైము నుంచి రెండు గంటలకి చూడండి, తిని చేయి కడిగిన టైము నుంచి కాదు. ఆ మిషన్‌కి 15 శాతం అటూ ఇటూ పోయే స్వేచ్ఛ ప్రమాణాల్లోనే ఉంది. కాబట్టి నిన్న 165, ఇవాళ 150 వస్తే అది విజయం కాదు. ఒకే రకమైన భోజనానికి నాలుగైదు రీడింగులు పోగైతేనే ఏదైనా అనగలం. వేలికి మామిడిపండు జిగురు ఉంటే రీడింగ్ ఎగిరిపోతుంది, సబ్బుతో కడిగి ఆరాకే గుచ్చండి.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు అన్నం తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడాలి. మందు అంతే ఉండి తిండి తగ్గి, పైన నడక తోడైతే షుగర్ 70 కిందకి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక వస్తే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూసుకోవాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు కింద చెప్పే మాంసకృత్తుల లెక్కని సొంతంగా పెంచుకోకూడదు.

పప్పు ఉందిగా, ప్రొటీన్ అందుతుందిలే

నలుగురికి పప్పు వండేటప్పుడు కుక్కర్లో ఎంత పోస్తారు? ఒక చిన్న గ్లాసు, 100 గ్రాములనుకుందాం. కందిపప్పులో నూటికి 22 గ్రాముల దాకా ప్రొటీన్. నలుగురు తింటే తలా ఐదున్నర గ్రాములు. పప్పుచారు పెడితే ఇంకా తక్కువ. చారైతే చెప్పనక్కర్లేదు.

పెద్దవాళ్లకి శరీర బరువు కిలోకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ అని పోషకాహార సంస్థ 2020 సిఫార్సు. అన్నమే ప్రధానంగా తినేవాళ్లకి ప్రొటీన్ నాణ్యత తక్కువ కాబట్టి కిలోకి 1 గ్రాము అనుకోవాలి. 60 కిలోల మనిషికి 60 గ్రాములు. ఒక మామూలు శాకాహార రోజుని కూడండి: బియ్యం 250 గ్రాములు, దాన్నుంచి 20. ఇడ్లీల్లో పడ్డ మినప్పప్పు 25 గ్రాములు, దాన్నుంచి 6. కందిపప్పు నుంచి ఐదున్నర. పెరుగు కప్పు, కాఫీ పాలు కలిపి 10. మొత్తం 42 దాటదు. ఇంకో 18, 19 గ్రాములు కావాలి.

దాన్ని పూడ్చడానికి డబ్బా పొడి అక్కర్లేదు, పోషకాహార సంస్థ కూడా వాటిని వద్దనే అంటోంది. రెండు గుడ్లు 12 నుంచి 13. 50 గ్రాముల శనగలు నానబెట్టి గుగ్గిళ్లు చేస్తే 9. దోసె బదులు 60 గ్రాముల పెసలతో పెసరట్టు వేస్తే 13. వేరుశనగలు 30 గ్రాములు 7, కానీ ఇక్కడ నూనె కూడా వస్తుంది, గుప్పెడు దాటితే లెక్క మారుతుంది. మీల్ మేకర్ 30 గ్రాములు 15. వీటిలో ఏ రెండు కలిపినా ఇంచుమించు సరిపోతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు, ఇవన్నీ పాత భోజనం మీద అదనంగా చేరడం. నాలుగు ఇడ్లీలూ తిని పైన గుడ్లు తింటే నడుము కొలత పెరుగుతుంది. రెండు ఇడ్లీలు తీసి రెండు గుడ్లు పెట్టాలి. రెండో పొరపాటు, ఒక్క రోజులో పప్పుధాన్యాలు రెట్టింపు చేసి పొట్ట ఉబ్బరించి మానేయడం. ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించి, వారానికి కాస్త చొప్పున పెంచండి.

కసరత్తులు చేసి కండ పెంచాలనుకునేవాళ్లకి ఎంత కావాలి? 49 పరిశోధనల్ని కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో కిలోకి 1.6 గ్రాముల దగ్గర లాభం ఆగిపోయింది. 65 దాటినవాళ్లకి 1 నుంచి 1.2 మంచిది. జిమ్ కుర్రాళ్లు కిలోకి 3 గ్రాములని మాట్లాడుకుంటుంటారు, 1.6కి పైన తినేది పర్సుకి బరువు తప్ప ఇంకేం కాదు.

అన్నం తగ్గించడం ఎందుకు కుదరదు, ఎలా కుదురుతుంది

మన భోజనంలో అన్నం ఒక పదార్థం కాదు, అన్ని పదార్థాలకీ వాహనం. పప్పుతో ఒక వాయి, కూరతో ఒక వాయి, చారుతో ఇంకో వాయి, ఆఖర్న పెరుగు. "అన్నం సగం చేయండి" అనగానే నాలుగు వాయిల్లోనూ కాస్త కాస్త తగ్గించబోతారు, పెరుగు దగ్గరికి వచ్చేసరికి అన్నం అయిపోతుంది, మళ్లీ గరిటె గిన్నెలోకి వెళ్తుంది. వారం తిరక్కుండానే పాత లెక్క.

తగ్గించాల్సింది ముద్దలు కాదు, వాయిలు. చారు గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగు గిన్నెలో వేసుకుని చెంచాతో తినండి. కూర ముందు ఉత్తదే తినండి, ఒక కప్పు. తర్వాత పప్పుతో కలుపుకుని అన్నం. పరిశోధనలో చెప్పిన వరస దానంతటదే వచ్చేస్తుంది, నాలుగు వాయిల అన్నం ఒకటిన్నరకి దిగుతుంది.

కూర ఉత్తదే తినాలంటే వంట కాస్త మారాలి. అన్నంలో కలుపుకోవడానికి వేసిన ఉప్పు, కారం ఉత్త కూరకి ఎక్కువ. బెండకాయ వేపుడు కప్పుడు తింటే నూనె కూడా కప్పులోనే లోపలికి పోతుంది. కాబట్టి బీరకాయ, సొరకాయ, చిక్కుడుకాయ, క్యాబేజీ లాంటివి పోపు పెట్టి మూత వేసి మగ్గించండి, ఉప్పు మూడోవంతు తగ్గించండి. వేపుడు ఆదివారానికి ఉంచుకోవచ్చు.

బియ్యం కొలత పళ్లెంలో కాదు, కుక్కర్లో పోసేటప్పుడే పెట్టాలి. ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, బియ్యం సుమారు 150 గ్రాములు పడుతుంది. మీ బియ్యంతో ఒకసారి తూచి, కప్పు మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి. మిగిలితే రేపు పులిహోర చేద్దామని అదనంగా పోసిన బియ్యం ఎప్పుడూ మిగలదు.

చిరుధాన్యాలకి మారాలా? మారొచ్చు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నేతృత్వంలో 2021లో 65 అధ్యయనాల్ని కలిపి చూస్తే, చిరుధాన్యాల సగటు గ్లైసెమిక్ సూచిక (తిన్నాక రక్తంలో షుగర్ ఎంత పెరుగుతుందో చెప్పే అంకె) 52.7 దగ్గర ఉంది, పాలిష్ పట్టిన బియ్యం కంటే చాలా తక్కువ. కానీ అది అన్నానికి బదులు తిన్నప్పటి మాట. మెత్తగా పిండి పట్టి జావ కాస్తే ఆ లాభం తగ్గుతుంది, బెల్లం పోసి కొర్రల పాయసం చేస్తే ఇక చెప్పేదేముంది.

తిన్నాక పది నిమిషాలు

న్యూజిలాండ్ ఒటాగో విశ్వవిద్యాలయంలో 2016లో 41 మంది షుగర్ రోగులతో ఒక పోలిక చేశారు. రోజుకి ఎప్పుడో ఒకప్పుడు 30 నిమిషాలు నడవడమా, ప్రతి భోజనం తర్వాత పదేసి నిమిషాలా? మొత్తం నడక రెండింట్లో సమానమే. భోజనం తర్వాత నడిచినప్పుడు షుగర్ పెరుగుదల 12 శాతం తక్కువగా ఉంది, రాత్రి భోజనం తర్వాత 22 శాతం తక్కువ. కారణం తేలికే: కదిలే కాలి కండరాలు ఇన్సులిన్ పెద్దగా సాయపడకపోయినా రక్తంలోంచి గ్లూకోజ్‌ని లాక్కుంటాయి, అది కూడా సరిగ్గా రక్తంలోకి వచ్చి పడుతున్న సమయంలో. తిన్నాక వంద అడుగులు వేయమని మన పెద్దలన్నారు. దిశ సరైనదే, మోతాదు చాలదు. పది నిమిషాలంటే దాదాపు వెయ్యి అడుగులు.

చేయి కడిగిన పావుగంటలోపు మొదలుపెట్టండి. వేగం నిమిషానికి 100 అడుగుల దగ్గర, మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనట్టుగా. కడుపు బరువనిపిస్తే ఇంకాస్త నెమ్మది. మే నెల మధ్యాహ్నం ఎండలోకి వెళ్లక్కర్లేదు, వరండాలో, ఆఫీసు మెట్ల మీద, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి సరిపోతుంది. రాత్రి డాబా మీద. పదింటికి తిని పదీపావుకి పడుకునే ఇంట్లో ఇది కుదరదు, ముందు భోజనం టైము తొమ్మిదిలోపుకి జరపాలి. నిజానికి కష్టమైన భాగం నడక కాదు, అదే.

పదివేల అడుగుల గోల పట్టించుకోకండి. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. సగటున 72 ఏళ్ల మహిళల మీద 2019లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 4400 అడుగుల దగ్గరే మరణాల తేడా కనిపించింది, 7500 దగ్గర లాభం నిలిచిపోయింది.

వారానికి రెండుసార్లు బరువులెత్తడం

నడకతో అన్నీ అయిపోతాయనుకోవడం మన దగ్గర చాలామంది చేసే పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సిఫార్సులో వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమతోపాటు, రెండు రోజులు కండరాలకి పని అన్నది విడిగా ఉంది. వయసు అడ్డు కాదు: 1990లో బోస్టన్‌లో సగటున తొంభై ఏళ్లున్న వృద్ధాశ్రమవాసులతో ఎనిమిది వారాలు కాళ్ల వ్యాయామం చేయిస్తే బలం సగటున 174 శాతం పెరిగింది.

ఇంట్లో పాత స్కూలు బ్యాగు, కిలో కందిపప్పు ప్యాకెట్లు నాలుగు చాలు. కుర్చీలోంచి లేవడం, గోడకి చేతులానించి చేసే దండీలు, ముందుకి వంగి బ్యాగుని పొట్ట వైపు లాగడం, మడమలెత్తి నిలబడటం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలు, మధ్యలో రెండు నిమిషాలు ఆగాలి. చివరి రెండుసార్లు నిజంగా కష్టంగా ఉండాలి, ఇరవై కూడా సులువుగా వచ్చేస్తే అది వ్యాయామం కాదు, కదలిక. అన్ని విడతల్లోనూ 12 అందితే బ్యాగులో ఇంకో ప్యాకెట్ వేసి గుండెలకి హత్తుకుని లేవండి. గోడ దండీలు సులువైతే వంటగది గట్టుకి మారండి, తర్వాత మంచం అంచుకి.

లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేసినట్టుండటం మామూలే. కీలులో పోటు, గుండెల్లో బరువు, కళ్లు తిరగడం మామూలు కాదు, ఆపేసి డాక్టరుకి చూపించాలి. సోమ, గురువారాల్లా మధ్యలో రెండు రోజులు ఖాళీ ఉండాలి.

ఆరు వారాలు, ఒక్కోసారి ఒక్కటి

మొదటి రెండు వారాలు రాత్రి భోజనం తర్వాత నడక మాత్రమే. మూడో వారం వాయిల మార్పు. ఐదో వారం బ్యాగు. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు, పెళ్లిళ్ల సీజన్ రాగానే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి కూడా. క్యాలెండర్ మీద చేసిన రోజు ఒక గీత పెట్టండి. ఆరు వారాలకి మళ్లీ అవే నాలుగు కొలతలు, అదే టేపు, అదే కుర్చీ.

కుర్చీ లెక్క అన్నిటికంటే ముందు కదులుతుంది. నడుము నెమ్మది. ఏదీ కదలకపోతే ముందు క్యాలెండర్ మీద గీతలు లెక్కపెట్టండి, తర్వాత కొత్త సరుకుల చీటీని పాతదాని పక్కన పెట్టండి. నూనె ప్యాకెట్లు అన్నే ఉన్నాయంటే వెతకాల్సింది అక్కడే. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కోసం తొందరపడొద్దు. ఎర్ర రక్తకణాల ఆయుష్షు 120 రోజుల దాకా ఉంటుంది కాబట్టి మూడు నెలలు ఆగాకే చేయించండి. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా రావచ్చు, కాబట్టి అదే రోజు హిమోగ్లోబిన్ కూడా రాయించుకోండి.